లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 దొరకలేదు: ఫైలు ఉన్నా లోడర్‌కి ఎందుకు కనిపించదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ల్యాబ్‌లో సెంట్‌ఓఎస్ 7 సర్వర్ ఉంది. ప్రాజెక్టుకి పైథాన్ 3.11 కావాలి. పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌వర్క్ సంభాషణని గుప్తంగా ఉంచే లైబ్రరీ) కనీసం 1.1.1 ఉంటేనే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ తయారవుతుంది, సెంట్‌ఓఎస్ 7తో వచ్చేది 1.0.2. అందుకని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0 సోర్సు దించుకుని, ఆప్షన్లేవీ మార్చకుండా బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేశారు. లైబ్రరీలు /యూఎస్ఆర్/లోకల్/లిబ్64 లోకి వెళ్లాయి. తర్వాత పైథాన్‌కి ఎల్‌డీఫ్లాగ్స్‌లో (లింకర్‌కి ఇచ్చే ఆప్షన్లలో) పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఆ దారే చూపించి మేక్ కొట్టారు. కంపైల్ అంతా సాఫీగా అయ్యాక చివర్లో "_ఎస్‌ఎస్‌ఎల్, _హ్యాష్‌లిబ్ బిల్డ్ అయ్యాయి కానీ ఇంపోర్ట్ కాకపోవడంతో తీసేశాం" అన్న అర్థం వచ్చే సందేశం, దాని పైన "లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్".

ఆ తర్వాత మీరు రెండు పనులు చేశారు. పాత లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10కి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 అనే పేరుతో సిమ్‌లింక్ (ఇంకో ఫైలుని చూపించే మారుపేరు) పెడితే ఎర్రర్ మారి "వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0 నాట్ ఫౌండ్" అంది. ఆపైన బాష్‌ఆర్‌సీలో (మీ షెల్ చదివే సెట్టింగుల ఫైలు) ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ (లైబ్రరీల కోసం ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) పెడితే మీ లాగిన్‌లో అంతా పనిచేసింది, సుడోతో నడిపినా సిస్టమ్‌డీ సర్వీసుగా నడిపినా మళ్లీ అదే పాత ఎర్రర్. "ఫైలు కళ్లెదుట ఉంది, ఎందుకు దొరకడం లేదు?" అని అడిగారు.

(కమాండ్లు, దారులు అన్నీ తెలుగు లిపిలో, పలికేట్టుగా రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న, పెద్ద తేడా చూసుకోండి.)

మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ఫైలు మీ కళ్లెదుట ఉంది. లోడర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు దానికి కావలసిన లైబ్రరీలు తెచ్చిపెట్టేది) కళ్లెదుట లేదు. ఈ ఎర్రర్ వచ్చినప్పుడల్లా మనం ఫైలు కోసం వెతుకుతాం, ఫైండ్ కమాండ్ కొట్టి "ఇదిగో ఉందిగా" అనుకుంటాం. వెతకాల్సింది ఫైలుని కాదు. లోడర్ ఏ పేరు కోసం, ఏయే చోట్ల చూసిందో తెలుసుకోవాలి. ఆ సంగతి లోడరే చెప్తుంది, అడిగితే.

ముందు ఒక అపోహ తీసేయాలి. లింకర్ వేరు, లోడర్ వేరు. మేక్ నడుస్తున్నప్పుడు లైబ్రరీని చూసేది లింకర్. మీరు పెద్ద ఎల్‌తో ఇచ్చిన దారి దానికి మాత్రమే. అది ఆ డైరెక్టరీలోకి వెళ్లి, లైబ్రరీలో కావలసిన ఫంక్షన్లు ఉన్నాయని నిర్ధారించుకుని, బైనరీలో "నాకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 కావాలి" అని పేరొక్కటే రాసిపెట్టి వెళ్లిపోతుంది. ఎక్కడ దొరికిందో రాయదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వచ్చేది లోడర్. దాని చేతిలో పేరుంది, అడ్రసు లేదు. అందుకే బిల్డ్ అయినది ఇంపోర్ట్ కాలేదు. మీ పైథాన్ తప్పేం చేయలేదు. పైథాన్ బిల్డ్ మాడ్యూళ్లు కట్టాక ఒక్కోదాన్నీ ఒకసారి ఇంపోర్ట్ చేసి చూస్తుంది, కాబట్టి సంగతి అక్కడే బయటపడింది. వేరే సాఫ్ట్‌వేర్ అయితే ఇన్‌స్టాల్ అంతా అయ్యాక, మొదటిసారి నడిపినప్పుడు బయటపడేది.

పేరు మాత్రమే తెలిసిన లోడర్ ఎక్కడెక్కడ చూస్తుంది? దానికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పదు. మొదట బైనరీలోనే రాసి ఉన్న లైబ్రరీల దారి, ఆర్‌పాత్ (రన్‌పాత్ అనే ఇంకో రకం దారి కూడా ఉంటే ఆర్‌పాత్‌ని పట్టించుకోదు). తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్. తర్వాత బైనరీలోని రన్‌పాత్. ఆపైన /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ అనే జాబితా. చివరికి /లిబ్64, /యూఎస్ఆర్/లిబ్64. అంతే. డిస్కంతా తిరగదు.

ఆ క్యాష్ ఫైలు ఓటరు జాబితా లాంటిది. ఊళ్లో పుట్టి పెరిగిన మనిషైనా జాబితాలో పేరు లేకపోతే బూత్‌లో ఓటు వేయనివ్వరు. ఎల్‌డీకాన్ఫిగ్ కమాండ్ ఆ జాబితాను సవరిస్తుంది. అది కూడా ఏ వీధులు తిరగాలో /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్‌లోనూ, దాని పక్కనున్న ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీ డైరెక్టరీలోనూ రాసి ఉంటేనే అక్కడికి వెళ్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఆ వీధుల్లో మొదటినుంచీ ఉంది. అక్కడ సోర్సు నుంచి ఇన్‌స్టాల్ చేశాక సుడో ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కసారి కొడితే చాలా కేసులు తీరిపోతాయి. రెడ్ హ్యాట్ కుటుంబంలో, అంటే సెంట్‌ఓఎస్, రాకీ, ఆల్మాల్లో, /యూఎస్ఆర్/లోకల్/లిబ్ గానీ లిబ్64 గానీ ఆ జాబితాలో లేవు. ఉబుంటు సలహా చూసి మీరు ఎల్‌డీకాన్ఫిగ్ ఎన్నిసార్లు కొట్టినా ఏమీ మారనిది అందుకే.

ఇప్పుడు లోడర్‌ని అడుగుదాం. పైథాన్ సోర్సులో బిల్డ్ డైరెక్టరీ కింద _ఎస్‌ఎస్‌ఎల్‌తో మొదలయ్యే .ఎస్‌ఓ ఫైలు ఉంటుంది (ఇంపోర్ట్ కాలేదు కాబట్టి పేరు చివర _ఫెయిల్డ్ అని తగిలించి ఉండొచ్చు). దాని మీద:

రీడ్‌ఎల్ఫ్ -డీ ఫైలుపేరు

వచ్చిన దాంట్లో "నీడెడ్" వరుసలు చూడండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3, లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.3 ఉంటాయి. "ఆర్‌పాత్" అనో "రన్‌పాత్" అనో వరుస ఉందా చూడండి. మీ దాంట్లో ఉండదు. రెండోది, ఎల్‌డీడీ ఫైలుపేరు. ఇది ఒక్కో పేరు పక్కన ఎక్కడ దొరికిందో చూపిస్తుంది, దొరకని వాటి పక్కన "నాట్ ఫౌండ్" అంటుంది. ఒక జాగ్రత్త: ఎవరో ఇచ్చిన, నమ్మకం లేని బైనరీ మీద ఎల్‌డీడీ కొట్టకండి, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌నే నడిపించే ప్రమాదం ఉంది. అలాంటి చోట రీడ్‌ఎల్ఫ్ చాలు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, చాలామందికి తెలియనిది. కమాండ్ ముందు ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ అని పెట్టి నడపండి. ఇంపోర్ట్ చేసినప్పుడు లోడర్ తన వెతుకులాట అంతా తెర మీద రాస్తుంది. "ఫైండ్ లైబ్రరీ=లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3, సెర్చింగ్" అని మొదలై, కింద "సెర్చ్ క్యాష్=/ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్", ఆ కింద "సెర్చ్ పాత్=" అంటూ సిస్టమ్ దారులు, ఒక్కోటి "ట్రైయింగ్ ఫైల్=/లిబ్64/లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3" అంటూ. మీ కేసులో, బాష్‌ఆర్‌సీలోని ఆ వేరియబుల్ లేకుండా నడిపితే, ఆ జాబితా మొత్తంలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్64 అన్న మాటే కనిపించదు. అది కనిపించకపోవడమే మీ ప్రశ్నకి జవాబు. నా దగ్గరికి ఈ సమస్యతో వచ్చినవాళ్లకి ముందు ఈ ఒక్కటీ చేయమంటాను. సగం మంది మళ్లీ అడగరు.

ఇక మీరు పెట్టిన సిమ్‌లింక్. దయచేసి దాన్ని ఇప్పుడే తీసేయండి. లైబ్రరీ పేరులో .ఎస్‌ఓ తర్వాత వచ్చే అంకె అలంకారం కాదు. ఆ అంకెతో కలిపిన పేరుని సోనేమ్ అంటారు. పాత ప్రోగ్రాములు కొత్త లైబ్రరీతో నడవలేనంత మార్పు వచ్చినప్పుడు రాసినవాళ్లు ఆ అంకె మారుస్తారు. సెంట్‌ఓఎస్ 7లోని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10 లోపల ఉన్నది 1.0.2 కోడ్. దానికి 3 అని పేరు పెడితే కోడ్ 3 అయిపోదు. మీకు అదృష్టం కొద్దీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన ఫంక్షన్లకి వెర్షన్ ముద్ర కూడా వేసుకుంటుంది, అందుకే లోడర్ "3.0.0 ముద్ర లేదు" అని గుమ్మంలోనే ఆపేసింది. ఆ ముద్ర లేని లైబ్రరీ అయివుంటే లోపలికి రానిచ్చేది, ప్రోగ్రామ్ ఎక్కడో మధ్యలో కూలేది, లేదా అంతకంటే ఘోరంగా, కూలకుండా తప్పు లెక్క ఇచ్చేది. ఎల్‌ఎస్ -ఎల్‌తో చూసి, అది లింకే అని రూఢి చేసుకుని, ఆ లింకుని మాత్రమే తొలగించండి. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.10ని ముట్టుకోకండి. ఆ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్, యమ్ (ప్యాకేజీలు పెట్టే పనిముట్టు) లాంటివి పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీల మీదే నడుస్తున్నాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ పని నేను చేసి దెబ్బ తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పేరు అనవసరం, ఒక ఆఫీసులో సెంట్‌ఓఎస్ 6 మెషీన్ మీద ఒక ప్రోగ్రామ్ "జీలిబ్‌సీ_2.14 నాట్ ఫౌండ్" అంది. జీలిబ్‌సీ అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌కీ కావలసిన మూల సీ లైబ్రరీ. సెంట్‌ఓఎస్ 6లో ఉన్నది 2.12. కొత్త జీలిబ్‌సీ బిల్డ్ చేసి, /లిబ్64లో లిబ్‌సీ.ఎస్‌ఓ.6 అనే లింకుని దాని వైపు తిప్పుదామని పాత లింకుని రూట్‌గా తీసేశాను. తీసిన మరుక్షణం కొత్త లింకు పెట్టడానికి ఎల్‌ఎన్ కొడితే ఎల్‌ఎన్ నడవలేదు. దానికీ లిబ్‌సీయే కావాలి. ఎల్‌ఎస్ లేదు, సీపీ లేదు. ఇంకో టెర్మినల్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చేస్తే లోపలికి రానివ్వలేదు. అప్పటికే తెరిచి ఉన్న ఆ ఒక్క బాష్ మాత్రం బతికి ఉంది, ఎందుకంటే దాని లిబ్‌సీ అప్పటికే మెమరీలో ఉంది. ఆ విండో మూసేసి ఉంటే డేటా సెంటర్‌కి మనిషిని పంపాల్సి వచ్చేది. ఎల్‌ఎస్ లేదు కాబట్టి ఎకో పక్కన దారి, నక్షత్రం గుర్తు పెట్టి ఫైళ్ల పేర్లు చూసుకున్నాను, అది బాష్ సొంత పని కనుక నడిచింది. అసలు ఫైలు లిబ్‌సీ-2.12.ఎస్‌ఓ అక్కడే ఉంది. చివరికి ఒక సీనియర్ ఫోన్‌లో చెప్పిన ఈ వరుస కాపాడింది:

ఎల్‌డీ_ప్రీలోడ్=/లిబ్64/లిబ్‌సీ-2.12.ఎస్‌ఓ ఎల్‌ఎన్ -ఎస్‌ఎఫ్ లిబ్‌సీ-2.12.ఎస్‌ఓ /లిబ్64/లిబ్‌సీ.ఎస్‌ఓ.6

లింకు లేకపోయినా ఫలానా ఫైలుని ముందే లోడ్ చేసుకో అని చెప్పడం అన్నమాట. ఎంటర్ కొట్టాక ఎల్‌ఎస్ పనిచేసినప్పుడు నా చేతులు వణకడం ఇప్పటికీ గుర్తుంది. జీలిబ్‌సీ మాత్రం సోర్సు నుంచి కట్టి సిస్టమ్‌దాని మీద పెట్టే వస్తువు కాదు. "జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ లేదు" అని వస్తే ఆ ప్రోగ్రామ్ కొత్త మెషీన్ మీద కట్టినదని అర్థం. ఉబుంటు 22.04లో 2.35 ఉంది, మీ సెంట్‌ఓఎస్ 7లో 2.17. దానికి మందు ప్రోగ్రామ్‌ని పాత మెషీన్ మీదే మళ్లీ కట్టడం, లేదా కంటైనర్‌లో నడపడం.

బాష్‌ఆర్‌సీలో పెట్టిన ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ గురించి. అది పరీక్షకి బంగారం లాంటిది, కాపురానికి పనికిరాదు. కమాండ్ ముందు ఒక్కసారి పెట్టి నడిపి, పనిచేస్తే "సరే, సమస్య దారిదే" అని తేల్చుకోవచ్చు. శాశ్వతంగా పెడితే మీ లాగిన్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ ముందు ఆ డైరెక్టరీనే చూస్తుంది. అక్కడ రేపు మీరు లిబ్‌కర్ల్ బిల్డ్ చేసి పెట్టారనుకోండి, దాని సోనేమ్ సిస్టమ్‌లో ఉన్నదానిలాగే లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4. సెంట్‌ఓఎస్ 7 యమ్ పైకర్ల్ ద్వారా దాన్నే వాడుతుంది. మీ షెల్‌లో యమ్ విరిగితే కారణం పట్టుకోవడానికి ఒక పూట పోతుంది. సుడోతో ఎందుకు పోయిందన్నారు కదా: సెట్‌యుఐడీ ప్రోగ్రాములకి (ఎవరు నడిపినా ఫైలు యజమాని హక్కులతో నడిచేవాటికి) లోడర్ ఈ వేరియబుల్‌ని నమ్మదు, సుడో కూడా ఎన్విరాన్‌మెంట్‌ని కడిగేస్తుంది. అది లోపం కాదు, రక్షణ. లేకపోతే ఎవరైనా తన దొంగ లైబ్రరీని రూట్ హక్కులతో నడిపించేవాడు. సిస్టమ్‌డీ, క్రాన్ అయితే మీ బాష్‌ఆర్‌సీని అసలు చదవవు. ఇంకొక చిన్న ఉచ్చు: ఆ వేరియబుల్ విలువ చివర కోలన్ మిగిలిపోతే, ఖాళీ చోటుని లోడర్ "ఇప్పుడున్న డైరెక్టరీ" అని చదువుకుంటుంది. ఖాళీగా ఉన్న పాత విలువకి కోలన్ పెట్టి కలిపితే జరిగేది ఇదే.

కాబట్టి మీ కేసులో నేను చేసేది, అడ్రసుని బైనరీలోనే రాసేయడం. ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సోర్సు డైరెక్టరీలో, కాన్ఫిగ్ మళ్లీ నడపకముందే, మేక్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి. /యూఎస్ఆర్/లోకల్‌లోని కాపీ పోతుంది. బాష్‌ఆర్‌సీలో ఆ లైన్ తీసేసి కొత్తగా లాగిన్ అవ్వండి. తర్వాత మేక్ క్లీన్, ఆపైన:

./కాన్ఫిగ్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-3.0 --లిబ్‌డిర్=లిబ్ --ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్=/ఈటీసీ/పీకేఐ/టీఎల్‌ఎస్ -డబ్ల్యుఎల్,-ఆర్‌పాత్,/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-3.0/లిబ్

మేక్, తర్వాత మేక్ ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యు.

ఒక్కోదానికీ కారణం ఉంది. ప్రిఫిక్స్ /ఆప్ట్ కింద విడిగా ఉంటే రేపు తీసేయాలన్నా ఒక డైరెక్టరీ తీసేస్తే చాలు. లిబ్‌డిర్=లిబ్ ఎందుకంటే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఇలాంటి 64 బిట్ లినక్స్‌లో తనంతట తాను లిబ్64ని ఎంచుకుంటుంది, పైథాన్ కాన్ఫిగర్ మాత్రం మీరిచ్చిన దారి కింద లిబ్‌నే చూస్తుంది. ఇద్దరూ చెరోచోట నిలబడి ఎదురుచూసినట్టు ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌డిర్ ఇవ్వకపోతే సర్టిఫికెట్ల కోసం /ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-3.0/ఎస్‌ఎస్‌ఎల్ చూస్తుంది, అక్కడేమీ ఉండవు. అప్పుడు లైబ్రరీ దొరికిన సంతోషం తీరకముందే పైథాన్ "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్" అంటుంది. సిస్టమ్ సర్టిఫికెట్లు ఉన్న చోటు /ఈటీసీ/పీకేఐ/టీఎల్‌ఎస్. ఆ డైరెక్టరీ సిస్టమ్‌ది కాబట్టే మామూలు ఇన్‌స్టాల్ కాకుండా ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యు కొట్టమన్నాను, అది ప్రోగ్రాములూ లైబ్రరీలే పెడుతుంది, అక్కడి కాన్ఫిగ్ ఫైళ్ల జోలికి పోదు.

ఇప్పుడు పైథాన్. పాత ఎల్‌డీఫ్లాగ్స్ వదిలేసి, మేక్ డిస్ట్‌క్లీన్ చేసి:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/ఆప్ట్/పైథాన్-3.11 --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-3.0 --విత్-ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్-ఆర్‌పాత్=ఆటో

మేక్, సుడో మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. ఆ చివరి ఆర్‌పాత్=ఆటో అనే ఆప్షన్ పైథాన్ 3.10లో వచ్చింది, సరిగ్గా మీ బాధ కోసమే. _ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న దారిని రాసేస్తుంది. ఇక సుడో, సిస్టమ్‌డీ, క్రాన్, ఎవరు నడిపినా అడ్రసు బైనరీతోనే వెళ్తుంది. రేపు 3.0 వరుసలో భద్రతా సవరణ వస్తే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని మాత్రం అదే ప్రిఫిక్స్‌లో మళ్లీ కట్టి, సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చాలు, పైథాన్‌ని మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. ఆ సవరణలు ఇకమీద యమ్ తెచ్చిపెట్టదు, మీరే చూసుకోవాలి. సోర్సు నుంచి కట్టుకున్న ప్రతిదానికీ ఈ బాధ్యత ఉంది, ఇది మరచిపోవద్దు. పైగా సెంట్‌ఓఎస్ 7కే 2024 జూన్ 30తో సవరణలు ఆగిపోయాయి. ల్యాబ్ ఇన్‌చార్జిని ఒప్పించగలిగితే కొత్త ఓఎస్‌కి మారడమే మేలని నా అభిప్రాయం.

ఆర్‌పాత్, రన్‌పాత్ తేడా ఒకటి చెప్పాలి, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌తో తగులుతుంది. మీ ప్రోగ్రామ్‌కి "ఏ" అనే లైబ్రరీ కావాలి, ఆ "ఏ"కి "బీ" కావాలి అనుకోండి. ప్రోగ్రామ్‌లోని ఆర్‌పాత్ "బీ"ని వెతకడానికి కూడా పనికొస్తుంది. రన్‌పాత్ పనికిరాదు, అది తనకి నేరుగా కావలసిన వాటికే. "ఏ" దొరికి "బీ" దొరకలేదని ఎర్రర్ వస్తే ముందు ఇదే అనుమానించండి. ఏది రాసిందో రీడ్‌ఎల్ఫ్ చూపిస్తుంది. మందు "ఏ" లైబ్రరీని కూడా దారి రాసి మళ్లీ కట్టడం. మళ్లీ కట్టే వీలు లేకపోతే ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టుతో, కట్టేసిన బైనరీలో దారిని మార్చవచ్చు.

సీమేక్ వాడేవాళ్లకి: బిల్డ్ డైరెక్టరీలో నడిచి, ఇన్‌స్టాల్ చేశాక నడవకపోతే కంగారు పడకండి. సీమేక్ బిల్డ్ సమయంలో ఆర్‌పాత్ తనే రాస్తుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చెరిపేస్తుంది. సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్‌కి విలువ ఇస్తే ఉంచుతుంది.

ఎర్రర్ మాటలు కొద్దిగా వేరుగా ఉంటే కారణమూ వేరు. "రాంగ్ ఎల్ఫ్ క్లాస్" అంటే 64 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ లైబ్రరీ తగిలింది. "ఫెయిల్డ్ టు మ్యాప్ సెగ్మెంట్, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటే లైబ్రరీ దొరికింది కానీ అది నోఎగ్జెక్‌తో మౌంట్ చేసిన చోట ఉంది, తరచు /టీఎంపీ. "అన్‌డిఫైన్డ్ సింబల్" అంటే ఆ పేరుతో లైబ్రరీ దొరికింది, కట్టినప్పటి లైబ్రరీ మాత్రం అది కాదు. ఈ మూడింటిలో దేనికీ ఎల్‌డీకాన్ఫిగ్ ఊరికే కొడితే లాభం లేదు.

అంతా అయ్యాక పరీక్ష: /ఆప్ట్/పైథాన్-3.11/బిన్‌లోని పైథాన్3.11ని తెరిచి, ఎస్‌ఎస్‌ఎల్ ఇంపోర్ట్ చేసి, ఎస్‌ఎస్‌ఎల్.ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_వెర్షన్ ప్రింట్ చేయండి. అందులో వెర్షన్ అంకె 3.0తో మొదలవ్వాలి. అదే పరీక్ష సుడోతో ఒకసారి, సిస్టమ్‌డీ సర్వీసు నుంచి ఒకసారి చేయండి. ఎక్కడైనా ఆగితే రీడ్‌ఎల్ఫ్ -డీ, ఎల్‌డీడీ, ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ మూడింటి అవుట్‌పుట్ కత్తిరించకుండా పెట్టండి, లోడర్ ఏ మలుపులో తప్పిపోయిందో కలిసి చూద్దాం.